సెట్‌టాప్ బాక్సు గారికి ఒక చందాదారుడి విన్నపం

మహారాజశ్రీ సెట్‌టాప్ బాక్సు గారికి,

విశాఖపట్నం నుంచి తమ చందాదారుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. టీవీ కింద తమ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది కాబట్టి తమరూ క్షేమమే.

సంగతేమిటంటే, ధనుర్మాసంలో మా అత్తగారి కోలాటం బృందం లోకల్ ఛానల్లో వచ్చింది. పావుగంట కార్యక్రమం. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఆవిడ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఇంతకు మించి నాకు దురుద్దేశాలేమీ లేవు. ఛానల్ వాళ్ళు నెలంతా అదే తిప్పి తిప్పి వేశారు కాబట్టి అవకాశాలకూ కొదవ లేదు.

ముందు, టీవీ బొమ్మను కంప్యూటర్లోకి ఎక్కించే కాప్చర్ కార్డు కొని, టీవీకున్న హెచ్‌డీఎంఐ వైరు పీకి దానికి గుచ్చాను. తెర నల్లగా ఉంది. వైరు మార్చినా నలుపే, సాఫ్ట్‌వేర్ మార్చినా నలుపే. అదే కార్డుకు లాప్‌టాప్ తగిలిస్తే బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. అంటే ముఖం చాటేస్తున్నది తమరే. దాని పేరు హెచ్‌డీసీపీ అట, కాపీలు తీయకుండా వేసే తాళం. వైరుకు అవతల ఉన్నదెవరో తమరు ముందు ఆరా తీస్తారు. టీవీ దగ్గర రహస్య కీలు ఉన్నాయి, చూపిస్తుంది. పాపం కాప్చర్ కార్డు దగ్గర లేవు. ఆ హెచ్‌డీసీపీ మొదటి తరం మాస్టర్ కీ 2010లోనే ఇంటర్నెట్‌లో పడింది. దాన్ని తయారు చేసిన ఇంటెల్ కంపెనీయే అది అసలైనదేనని ఒప్పుకుంది కూడా. తాళంచెవి ఊరంతా తిరుగుతున్నా, గుమ్మంలో ఇంటాయన్నే ఆధార్ కార్డు అడిగే వాచ్‌మన్ తమరు. కొత్త సినిమాలు రిలీజైన పూటే ఫోన్లలోకి దిగిపోతున్నాయి గానీ, అత్తగారి కోలాటం మాత్రం పైరసీ బారిన పడలేదు. చాలా సంతోషం.

‘‘పెన్‌డ్రైవ్ పెట్టండి సార్, అదే రికార్డు చేస్తుంది’’ అన్నాడు కేబుల్ అబ్బాయి. పెట్టాను. ముందు ఫార్మాట్ చేయాలన్నారు తమరు. సరే అన్నాను. రికార్డయింది, తమ దగ్గర చక్కగా ఆడింది కూడా. కంప్యూటర్‌కు పెడితే, అదీ ‘ఫార్మాట్ చేయమంటారా?’ అనే అడిగింది. రాసిన ప్రతి అక్షరానికీ తమ సొంత తాళం వేశారట. పక్కింట్లో అచ్చం తమ కవలలాంటి బాక్సు ఉంది, అందులోనూ ఆడలేదు. రేపు తమరు కాలం చేస్తే ఆ రికార్డింగు సహగమనం చేయాల్సిందే. దీన్ని రిమోట్ మీద మాత్రం ‘రికార్డ్’ అనే రాశారు, ఎర్ర చుక్క పెట్టి మరీ!

మిగిలింది ఏవీ జాక్, బొమ్మనూ మోతనూ పాత పద్ధతిలో బయటికి పంపే రంధ్రం. అటకమీది హ్యాండీక్యామ్ వైరు అందులో సుబ్బరంగా దూరింది. పసుపు పిన్నులో బొమ్మ లేదు, ఎరుపులో జుయ్యిమని మోత. ఆ మోతే బొమ్మ! వైరు లోపల వరస వేరు. ఎర్ర పిన్ను తీసి పసుపు రంధ్రంలో పెడితే అత్తగారు వచ్చారు, నలుపు తెలుపుల్లో, కిందినుంచి పైకి దొర్లుతూ. సాఫ్ట్‌వేరేమో అమెరికా వాళ్ళ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 480 గీతల కోసం చూస్తోంది. తమరేమో మన పాల్ పద్ధతిలో 576 పంపుతున్నారు. పాల్ అని ఎంచగానే దొర్లుడు ఆగింది, పట్టుచీరకు రంగొచ్చింది.

ఒకప్పుడు ఈ తిప్పలు లేవు. గోడలోంచి వచ్చిన కేబుల్‌ను సీపీయూలోని టీవీ ట్యూనర్ కార్డుకు బిగిస్తే ఏ ఛానలైనా రికార్డయ్యేది. కేబుల్ టీవీ డిజిటైజేషన్ రెండో దశ అంటూ 2013 మార్చి 31 గడువు పెట్టి, హైదరాబాద్‌తో పాటు మా ఊళ్ళోనూ తమకు పట్టాభిషేకం చేశారు. ట్యూనర్ కార్డు పాత ఇనుములోకి పోయింది.

ఇంతకీ ఏవీ దారిన కోలాటం దిగింది. బొమ్మ కాస్త అలుక్కుపోయినట్టున్నా, ఆవిడ ఏమీ అనలేదు. కానీ జడ కోలాటం మంచి రంజుగా ఉన్నప్పుడు, సరిగ్గా ఆవిడ ముఖం మీద తమ కార్డు నంబరు ఠక్కున వెలిసింది. దొంగ కాపీ ఏ ఇంటినుంచి పోయిందో పట్టుకోవడానికట. ఆవిడ వెనక వరసలో ఉన్న తోటికోడలి ముఖం మాత్రం నిగనిగలాడుతూ కనిపిస్తోంది. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే నడుస్తోంది.

కాబట్టి విన్నపం ఏమనగా, ఆదివారం పొద్దున ఆఖరిసారి వేస్తారట. నంబరు వేయడం తప్పనిసరైతే తోటికోడలి మీద వేయగలరు.

ఇట్లు
బిల్లు బాకీ లేని చందాదారుడు