బేస్‌బాల్ గెలుపోటముల పద్దుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ గెలుపోటముల పద్దు గారి సముఖమునకు,

బేస్‌బాల్‌లో బంతి వేసే పిచర్ పేరు పక్కనే కొలువుదీరి, జట్టంతా కలిసి ఓడిన మ్యాచ్‌ను ఆ ఒక్కడి నెత్తిన రుద్దే తమ నిబ్బరం చూస్తే ముచ్చటేస్తుంది. క్రికెట్ వాళ్లకు ఇంత తెలివి లేదు. బౌలర్ పేరిట వికెట్లు, పరుగులు రాసుకుని ఊరుకుంటారు.

సిన్సినాటి పిచర్ విల్ వైట్ తమకు గుర్తుండే ఉంటారు. అమెరికా బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి అయిన మేజర్ లీగ్‌లో కళ్లజోడు పెట్టుకుని ఆడిన మొదటి మనిషి ఆయనే. 1879లో 75 మ్యాచ్‌లు మొదలుపెట్టి, 75నూ తానే ముగించి, మొత్తం 680 ఇన్నింగ్స్ బంతులు వేశారు (బేస్‌బాల్‌లో ముగ్గురు అవుటైతే జట్టు ఇన్నింగ్స్ ముగుస్తుంది, మ్యాచ్‌కు మామూలుగా ఒక్కో జట్టుకు తొమ్మిది). ఈ లెక్కను నేటికీ ఎవరూ దాటలేదు. పిచర్ 45 అడుగుల దూరం నుంచి, చేయి నడుము దాటి పైకి లేవకుండా బంతి వేయాలన్నది అప్పటి నిబంధన కాబట్టి భుజానికి శ్రమ కొంత తక్కువే కావచ్చు గానీ, బంతి ఎత్తుగా రావాలో కిందుగా రావాలో కోరుకునే హక్కు బ్యాటర్‌కు ఉండేది, వెనకున్న ఫీల్డర్లు చాలావరకు వట్టి చేతులతోనే పట్టేవారు. ఆ ఏడు తమరు ఆయనకు 43 గెలుపులు, 31 ఓటములు రాశారు.

మరుసటి ఏడు 18 గెలుపులు, 42 ఓటములు! ఇంతలో ఆయన చేతికి ఏ తెగులు సోకిందోనని చూస్తే, తరువాతి వారు కట్టిన లెక్క ప్రకారం, ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి తీసేయగా, తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఆయన ఇచ్చిన పరుగుల సగటు 1.99 నుంచి 2.14కు పెరిగింది, అంతే. పరుగులో ఏడో వంతుకు కాస్త ఎక్కువైన ఈ నేరానికి తమరు 25 గెలుపులు కోసి, 11 ఓటములు కలిపారు. జట్టు ఆ ఏడాది మొత్తం గెలిచినవే 21. అందులో 18 ఆయనవి కాగా, మిగతా పిచర్ల వాటాకు 3 గెలుపులు, 17 ఓటములు దక్కాయి. అట్టడుగున నిలిచిన ఆ జట్టును, మైదానంలో బీరు అమ్మినందుకు, ఆదివారాలు మైదానాన్ని అద్దెకిచ్చినందుకు నేషనల్ లీగ్ వెళ్లగొట్టింది. ఆ బీరును కూడా వైట్ గారి ఖాతాలో రాయకపోవడం తమ ఔదార్యమే.

1882లో అమెరికన్ అసోసియేషన్ అనే మరో లీగ్‌లో కొత్తగా పుట్టిన సిన్సినాటి జట్టు టైటిల్ గెలిచినప్పుడు తమరు ఆయనకు 40 గెలుపులు, 12 ఓటములు రాశారు. ఆ 40లో పరుగులు తీసిన బ్యాటర్ల వాటా ఎంతో అప్పుడూ రాయలేదు. ఈ నిష్పక్షపాతానికి మాత్రం తమకు వేయి దండాలు.

చిత్తగించవలెను.