సవరణ: గుంటూరు హైకోర్టు తేదీ, ప్రకాశం పంతులుగారి ప్రాక్టీసు

'ఆంధ్ర న్యాయవాదులు' టపాలో గుంటూరు హైకోర్టు 1953 అక్టోబరు 1న మొదలైందని ఉంది. అది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తేదీ. హైకోర్టు 1954 జులై 5న వచ్చింది. ఈలోగా గుంటూరు కక్షిదారు హైకోర్టు అప్పీలుకు మద్రాసు రైలెక్కాల్సిందే. సొంత రాష్ట్రం వచ్చినా ఆ ఖర్చు తప్పలేదు. కోర్టు గుంటూరుకు దక్కడం ఎవరి దయా కాదు. రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలన్నది కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మాట. రాజధాని కర్నూలుకు వెళ్లింది కాబట్టి కోర్టు కోస్తాకు వచ్చింది. మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న 1967 గోలక్‌నాథ్ తీర్పు నాటి భారత ప్రధాన న్యాయమూర్తి ఆయనే.

ప్రకాశం పంతులుగారు గుంటూరు హైకోర్టులో వాదించారన్న వాక్యం తీసివేశాం. ఆయన రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఎంత పేరొచ్చినా ఆ పట్టాతో హైకోర్టు గడప ఎక్కడానికి వీల్లేదు. అందుకే ఇంగ్లాండు వెళ్లి బారిష్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణ రోజుల్లోనే దాన్నీ వదిలేశారు. గుంటూరు కోర్టు తెరిచేనాటికి ఆయన ముఖ్యమంత్రి!

కోర్టు హైదరాబాదుకు తరలిన ఏడాది 1956. అది టపాలో సరిగానే ఉంది.