రబ్బరు పైపు ఖర్చు ఓనరుదా, కంపెనీదా?

2023 ఏప్రిల్‌కు ముందు కొన్న పెట్రోల్ కారు మీ దగ్గర ఉంటే దాని మాన్యువల్ ఒకసారి తీసి చూడండి. ఇంధనం గురించి చెప్పే పేజీలో, చాలా మోడళ్లకు, 10 శాతం ఇథనాల్ (చెరకు, ధాన్యం లాంటి వాటి నుంచి తీసి పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్) వరకు వాడొచ్చని ఉంటుంది. ఇప్పుడు నల్లగొండలో పోయించుకున్నా, జడ్చర్ల దగ్గర హైవే మీద ఆగినా మామూలు పెట్రోల్ పేరుతో ట్యాంకులో పడేది 20 శాతం కలిపిందే. వద్దనే అవకాశం లేదు. మాన్యువల్‌కూ బంకుకూ మధ్య వచ్చిన ఈ తేడాతో రబ్బరు పార్టులు మార్చాల్సి వస్తే బిల్లు ఎవరు కట్టాలి? కంపెనీయే కట్టాలి. ఒక్కొక్కరం పోయి బతిమాలితే కట్టదు. నలుగురం కలిసి రాతపూర్వకంగా అడిగితే కట్టక తప్పని పరిస్థితి తేవచ్చు.

ఏదైనా షెడ్డుకు పోయి పాత బండి బానెట్ ఎత్తించి చూడండి. మెకానిక్ ఫ్యూయల్ పైపును బొటనవేలితో నొక్కుతాడు. మంచి రబ్బరైతే వెంటనే మామూలు ఆకారానికి వస్తుంది. ఇథనాల్‌కు దెబ్బతిన్నదైతే ఉబ్బి మెత్తబడి ఉంటుంది, లేదంటే గట్టిపడి వంపు దగ్గర సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. క్లిప్పు చుట్టూ తడి, పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోల్ వాసన. ప్రతి పాత కారుకూ ఇలా అవుతుందని నేను అనడం లేదు. కానీ కొన్ని పాత వాహనాల్లో 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు పార్టులు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు రోజూ పోయి వచ్చే కిరాయి బండికి అది ఆరు నెలల తిరుగుడు. పెద్ద ఖర్చేమీ కాదు, మామూలు సర్వీసింగ్‌లో అయిపోతుందని కూడా ఆ శాఖే అంది. అంత తక్కువ ఖర్చయితే కంపెనీయే పెట్టుకోవచ్చు కదా!

కంపెనీల వాదన తెలిసిందే. అమ్మిన రోజున్న నిబంధనల ప్రకారమే బండి ఇచ్చాం, తర్వాత ఇంధనం మార్చింది సర్కారు, అందులో మా లోపమేముంది అంటారు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసిన సంగతీ గుర్తు చేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది.

కానీ తేదీలు చూడండి. పెట్రోల్‌లో ఇథనాల్ ఎప్పుడెంత కలపాలో చెప్పే నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్ బయటికొచ్చింది 2021 జూన్‌లో. 2023 ఏప్రిల్ నుంచి 20 శాతానికి తట్టుకునే పార్టులతో బండ్లు రావాలని అందులోనే ఉంది. రోడ్‌మ్యాప్ ప్రకటిస్తే తగిన వాహనాలు సిద్ధం చేస్తామని కార్ల కంపెనీల సంఘం సియామ్ హామీ ఇచ్చిందనీ ఉంది. పాత డిజైన్ కార్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం పడిపోవచ్చనీ ఉంది. అంటే 2021 జూన్ నుంచి 2023 మార్చి దాకా షోరూముల్లో కారు అమ్మిన ప్రతి కంపెనీకీ, ఆ కారు తన జీవితంలో ఎక్కువ భాగం ఏ పెట్రోల్ తాగబోతోందో తెలుసు. తెలియనిది కొన్నవాడికి మాత్రమే. సీటు కవర్ల రంగు నుంచి ఎక్స్‌టెండెడ్ వారంటీ దాకా గంటసేపు చెప్పే సేల్స్‌మన్ ఈ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కావాలని సమాచారం దాచిపెట్టడం కూడా సేవాలోపమే. కంపెనీ వాళ్లు తప్పించుకోలేని పాయింటు ఇదే. పాత కార్లకు కిట్లు అమ్మే ఆలోచన ఒక పెద్ద కంపెనీ చేస్తోందని 2025లో వార్తలూ వచ్చాయి. ఏ పార్టు మార్చాలో తెలిసి, దాన్ని తయారు చేయగలిగి, మళ్లీ మనకే అమ్ముతామంటే ఎలా?

ఇక అడగడం ఎలాగో చూద్దాం. సర్వీస్ సెంటర్‌లో ఒక్కరే అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "వారంటీ అయిపోయింది సార్, రబ్బరు పార్టులు వేర్ అండ్ టేర్." చట్టం మాత్రం తలలు లెక్కపెడుతుంది. మోటారు వాహనాల చట్టం 110-ఏ సెక్షన్ కింద 2021 ఏప్రిల్ 1 నుంచి రీకాల్ నిబంధనలు, అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయాలనే నిబంధనలు, అమల్లో ఉన్నాయి. తయారై ఏడేళ్లు దాటని మోడల్‌లో ప్రమాదకరమైన లోపం ఉందని నిర్ణీత సంఖ్యలో ఓనర్లు ఫిర్యాదు చేస్తే కేంద్రం కంపెనీపై చర్యకు దిగవచ్చు. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు. పెట్రోల్ కారే పైపు నిప్పుతో చెలగాటమే కాబట్టి అది ప్రమాదం కాదని ఎవరూ అనలేరు. 2022లో తయారైన బండికి 2029 దాకా గడువుంది. కలిసి అడిగితే ఏమవుతుందో అమెరికాలో చూడండి. అక్కడ హ్యుందాయ్, కియా ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేనిదే ఇంజన్ స్టార్ట్ కానివ్వని పరికరం) లేని కార్లు అమ్మితే దొంగలకు పండగైంది. 2023లో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టబోయిన ఆ కంపెనీలు, 2025 డిసెంబర్‌లో 35 రాష్ట్రాల అటార్నీ జనరల్స్ (ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారులు) ఒక్కటై కూర్చోబెట్టాక తాళం భాగానికి రక్షణ పరికరం ఉచితంగా బిగించడానికి ఒప్పుకున్నాయి.

సంఖ్య విలువ నల్లగొండకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఎవరూ పట్టించుకోవడం లేదని 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, దేశం తలతిప్పి చూసింది.

అసలు ఈ ఇథనాల్ కథలో దక్షిణ తెలంగాణ రెండుసార్లు చెల్లిస్తోంది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ కంపు భరించలేమని జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్న రైతులకు 2025 జూన్‌లో బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. చమురు దిగుమతి తగ్గితే దేశానికి లాభమే, కాదనను. ఆ లాభం లెక్కలన్నీ ఢిల్లీలో చెబుతారు. కంపు చిత్తనూరుకు, కేసులు ధన్వాడకు, పైపు బిల్లు నల్లగొండ కిరాయి డ్రైవర్‌కు. మమ్మల్ని అడిగి చేశారా అన్న ప్రశ్న ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా, సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గరైనా ఒకటే.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఒకే సమస్య ఉన్నవాళ్లు కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు ఇవ్వొచ్చు. దానికి కాగితం కావాలి. అందుకే ఈసారి సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు జాబ్ కార్డులో "ఫ్యూయల్ పైపు లీకు, పెట్రోల్ వాసన" అని మీ మాటల్లోనే రాయించండి, తీసేసిన పైపు అడిగి తెచ్చుకోండి. సర్వీస్ అడ్వైజర్ దాన్ని "జనరల్ చెకప్" అని మార్చి రాస్తే సంతకం పెట్టకండి.