చప్పట్ల లైటు

మా బాబాయ్ రిటైరయ్యాక ఎలక్ట్రానిక్స్‌లో పడ్డాడు. కొన్నాళ్లకే బల్ల మీద ఆర్డుయినో అని మనం ప్రోగ్రాం రాసి నడిపించుకునే చిన్న కంప్యూటర్ బోర్డు, సోల్డరింగ్ ఐరన్, నేల మీద ఎక్కడపడితే అక్కడ జంపర్ వైర్ల ముక్కలు. వాళ్లింట్లో చెప్పుల్లేకుండా నడిచే ధైర్యం ఎవరూ చెయ్యరు. అయినా చాలాకాలం దానివల్ల ఎవరికీ పెద్ద హాని జరగలేదు. ఎల్ఈడీలు వెలిగేవి, ఆరేవి, ఆయన మురిసిపోయేవాడు, పిన్ని "బాగుందండీ" అని తన పని తను చూసుకునేది. చెవులున్న బోర్డు ఇంట్లోకి వచ్చాక గొడవ మొదలైంది.

దాని పేరు మ్యాక్స్ 4466. నిజానికి అది బోర్డు మీదున్న ఐసీ, అంటే చిప్పు పేరు, కానీ అందరూ బోర్డుని కూడా అదే పేరుతో పిలుస్తారు. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. ఒక చివర గుండ్రటి మైకు, ఇంకో చివర మూడే మూడు పిన్నులు: కరెంటివ్వడానికి వీసీసీ, గ్రౌండ్, సిగ్నల్ బయటికి రావడానికి అవుట్. ఒట్టి మైకు నుంచి వచ్చే సిగ్నల్ మామూలు మాటలకి కొన్ని మిల్లీవోల్టులు కూడా ఉండదు. బాబాయ్ దగ్గరున్న ఆర్డుయినో, ఊనో రకం, చూస్తే 5 వోల్టుల్ని 1024 మెట్లుగా కొలుస్తుంది, అంటే మెట్టుకి దాదాపు 5 మిల్లీవోల్టులు. మైకుని నేరుగా తగిలిస్తే మనం గొంతు చించుకున్నా దానికి తెలియదు. మధ్యలో ఈ బుల్లి బోర్డు ఆ సిగ్నల్‌ని పెంచి పంపిస్తుంది.

బాబాయ్ ఆశయం చిన్నదే. తాతయ్య రాత్రిపూట మంచం దిగి స్విచ్ వెతుక్కోనక్కర్లేకుండా, చప్పట్లు కొడితే లైటు వెలగాలి. బోర్డు చేతిలో పెట్టుకుని తాతయ్యకి చరిత్ర చెప్పాడు.

"ఇది ఎలక్ట్రెట్ మైకు నాన్నా. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అని ఇద్దరు కలిసి తయారుచేశారు. ఇందులో పల్చటి పొర ఉంటుంది, దాని మీద ఎలక్ట్రిక్ ఛార్జి ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోతుంది."

తాతయ్య శ్రద్ధగా విన్నాడు. "చప్పట్లు కొడితే లైటు వెలగడానికా ఇదంతా?"

"అవును నాన్నా."

"ఏం, 1962లో స్విచ్చులు లేవా?"

ఆ ప్రశ్నని బాబాయ్ పట్టించుకోలేదు. ఆవిష్కర్తలకి ఇంట్లోవాళ్ల దగ్గర ఆదరణ తక్కువని ఆయన నమ్మకం.

మర్నాడు నాకు ఫోన్. గొంతులో టెన్షన్.

"ఒరేయ్, మా ఇంట్లో గోల 512 ఉందిరా!"

"ఏం గోల బాబాయ్?"

"అదే అర్థం కావట్లేదు. ఫ్యాన్ ఆపాను, ఫ్రిజ్ ఆపాను, గడియారంలో బ్యాటరీ తీసేశాను. మీ పిన్నిని వంటింట్లోకి వెళ్లి తలుపేసుకోమన్నాను. అయినా 512! మీ తాతయ్యని కాసేపు ఊపిరి బిగబట్టమంటే తిట్టాడు. అప్పుడూ 512 చుట్టూనే తిరుగుతోంది."

ఎవరూ నోరెత్తకపోతే సున్నా రావాలని ఆయన లెక్క. కానీ శబ్దం అనేది అల. పైకీ వెళ్తుంది, కిందికీ వెళ్తుంది. ఊనోకి సున్నా కంటే కింద కొలవడం రాదు. అందుకే బోర్డు తన అవుట్‌పుట్‌ని సరఫరా వోల్టేజీలో సగం దగ్గర నిలబెడుతుంది. 5 వోల్టులిస్తే నిశ్శబ్దంలో రెండున్నర వోల్టులు, అంటే 512 దగ్గర. మాట్లాడితే అక్కడి నుంచి పైకీ కిందికీ ఊగుతుంది. ఇదంతా ఫోన్లోనే విప్పి చెప్పాను.

"అంటే 512 అంటే నిశ్శబ్దమా?"

"అవును బాబాయ్."

"మరి ఫ్రిజ్ ఆన్ చేసుకోమని మీ పిన్నికి చెప్పనా?"

అంకెలు కుదురుగా లేకుండా వణుకుతుంటే, బోర్డుకి 5 వోల్టుల బదులు ఊనో మీదున్న 3.3 వోల్టుల పిన్ను నుంచి కరెంటివ్వమన్నాను. ఆ లైను కాస్త శుభ్రంగా ఉంటుంది. పది నిమిషాల్లో మళ్లీ ఫోన్, ఈసారి పండగ గొంతు.

"అద్భుతంరా! ఒక్క వైరు మార్చేసరికి 512 కాస్తా 338కి దిగింది. గోల మూడో వంతు తగ్గిపోయింది!"

"గోల తగ్గలేదు బాబాయ్. 3.3లో సగం 1.65, దాన్ని 5 వోల్టుల స్కేలు మీద కొలిస్తే 338."

"ఏదైతేనేం, తగ్గిందా లేదా?"

తగ్గిందనే ఒప్పుకున్నాను. పెద్దాయనతో వాదించి లాభం లేదు. పైగా బోర్డు వెనకాల ఉన్న చిన్న స్క్రూ గురించి అప్పటికింకా ఆయనకి తెలియదు. ఆ సంతోషంలో కొన్ని రోజులైనా గడవనిద్దామనుకున్నాను.

స్క్రూ సంగతి ఆయన తనే కనిపెట్టాడు. అది గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో, మార్చే పాట్. సిగ్నల్‌ని 25 రెట్ల నుంచి 125 రెట్ల దాకా పెంచుకోవచ్చు. 125 ఉండగా 25 ఎవరు పెట్టుకుంటారు? తాతయ్య చేతుల్లో బలం తక్కువ కదా అని చివరిదాకా తిప్పేశాడు. ఈలోగా ప్రోగ్రాం కూడా సరిచేసుకున్నాడు: ఒక్క రీడింగ్ చూసి నిర్ణయించకుండా, 50 మిల్లీసెకన్ల పాటు వరసగా చదివి, అందులో అన్నిటికంటే పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడం. ఆ తేడాయే శబ్దం ఎంత గట్టిదో చెబుతుంది. ఈ భాగం మాత్రం ఆయన చక్కగా చేశాడు, దానికి వంక పెట్టలేం.

వంకంతా 125లో ఉంది. గెయిన్ అంత ఉంటే సిగ్నల్ పైనా కిందా హద్దులకి కొట్టుకుని అక్కడే చదునైపోతుంది. అప్పుడు చప్పట్లకీ దగ్గుకీ తేడా ఉండదు. పిన్ని గిన్నె కింద పెడితే లైటు వెలిగింది. తాతయ్య దగ్గితే ఆరింది. పక్కింటివాళ్లు తలుపు వేసుకుంటే వెలిగింది. తుమ్మొస్తే రెండు తుమ్ములూ పూర్తి చేసేదాకా అందరూ లెక్కపెట్టేవారు, సరి సంఖ్యలో ఆగితే ఫరవాలేదని.

రిలే, అంటే ఆర్డుయినో చెప్పినప్పుడల్లా లైటుని వెలిగించి ఆర్పే స్విచ్, బిగించిన రాత్రి మాత్రం ఎవరూ మరిచిపోలేరు. కరెంటు లైను జోలికి బాబాయ్ వెళ్లకూడదనేది పిన్ని షరతు, కాబట్టి ఆ వైరింగంతా ఎలక్ట్రీషియన్ వచ్చి చేశాడు. గోడ మీది స్విచ్ కూడా పని చేసేలా ఉంచమని పిన్ని అతని చెవిలో చెప్పిన సంగతి చాలా రోజుల తర్వాత బయటపడింది. సరే, అందరూ గదిలో చేరారు. బాబాయ్ ఒక్క చప్పట్టు కొట్టాడు. రిలే 'టక్' మంది, లైటు వెలిగింది. మైకు పక్కనే ఉన్న రిలే కదా, ఆ 'టక్' దానికి బ్రహ్మాండమైన చప్పట్టులా వినిపించింది. లైటు ఆరింది. ఆరేటప్పుడు మళ్లీ 'టక్'. వెలిగింది. టక్, టక్, టక్. తన చప్పుడికి తనే ఉలిక్కిపడుతూ గదంతా మెరుపులు మెరిపించేసింది. ఆపడానికి బాబాయ్ చేసిన మొదటి పని ఏమిటంటే, గట్టిగా చప్పట్లు కొట్టడం.

"ఏమండీ! దాన్ని ఆపుతారా, నన్ను బయటికి నడవమంటారా?"

నడవడానికి కూడా దారి సగం సేపే కనిపిస్తోంది. చివరికి తాతయ్య చేతికర్రతో అడాప్టర్‌ని సాకెట్లోంచి ఊడబీకాడు. మర్నాడు మైకుని రిలేకి దూరంగా జరిపి, లైటు ఒకసారి మారాక అర సెకను పాటు ఏ శబ్దం వచ్చినా పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో రాశాం. గెయిన్ కూడా నేనే దగ్గరుండి తగ్గించాను. స్క్రూడ్రైవర్ ఇవ్వడానికి ఆయనకి మనసొప్పలేదు.

ఇక అంతా కుదిరిందనుకుంటుండగా బాబాయ్ కూతురు, అంటే మా అక్క, భర్తతో పిల్లతో వచ్చింది. సాయంత్రం అందరం తాతయ్య గదిలో కూర్చున్నాం. మనవరాలు బుజ్జి స్కూల్లో నేర్చుకున్న పాట చేతులు తిప్పుతూ పాడింది. పాట ముగియగానే ఎవరైనా ఏం చేస్తారు?

బాబాయ్ "వద్దు!" అని అరిచేలోపే అందరూ చప్పట్లు కొట్టేశారు. అర సెకనుకోసారి లైటు ఆరుతూ వెలుగుతూ, చప్పట్లు ఆగేసరికి ఆరిపోయి ఉంది. కటిక చీకటి. ఆ చీకట్లోంచి చిన్న గొంతు.

"పాట బాలేదా?"

"చాలా బాగుందమ్మా!"

"మరి లైటెందుకు ఆర్పేశారు?"

ఏడుపు మొదలైంది. బాగుందంటే చప్పట్లు కొట్టమంది పిల్ల. కొడితే ఏమవుతుందో తెలిసిన పెద్దవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అప్పుడు బాబాయ్ చీకట్లోనే అధ్యక్షత వహించాడు. "అందరూ వినండి. ఒక్కటే చప్పట్టు. అందరూ కలిపి ఒకేసారి. నేను మూడు అనగానే." ఒకటి, రెండు, మూడు. ఫట్! లైటు వెలిగింది. అందరి ముఖాల్లో ఒక్క క్షణం ఆనందం. అంతలో మూలనుంచి తీరిగ్గా ఇంకో 'ఫట్'. మళ్లీ చీకటి.

"ఎవరయ్యా అది, ఆలస్యంగా కొట్టింది?"

"నేనే మామయ్యగారూ. ఫోన్ చూసుకుంటున్నా."

అల్లుడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. చీకట్లో పిన్ని గాజులు మాత్రం ఒకసారి గట్టిగా కదిలాయి. గెయిన్ తగ్గించడం ఎంత మంచి పనో అప్పుడు తెలిసింది. పాత 125 ఉండి ఉంటే ఆ గాజులకే లైటు వెలిగేది.

ఆ తర్వాత రెండు చప్పట్ల నిబంధన వచ్చింది. మొదటి చప్పట్టుకీ రెండోదానికీ మధ్య కనీసం 200 మిల్లీసెకన్లు, మహా అయితే 600 ఉండాలి, ముందూ వెనకా నిశ్శబ్దం ఉండాలి. కాగితం మీద తిరుగులేదు. పిన్నికి కుదిరింది, నాకు కుదిరింది. ఎవరి కోసం చేశామో ఆయనకే కుదరలేదు. తాతయ్య ఒక చప్పట్టు కొట్టి, అది ఎక్కడిదాకా వెళ్లిందో చూసి, ఆలోచించి రెండోది కొడతాడు. ఈలోగా 600 మిల్లీసెకన్లు దాటిపోతాయి. అయితే దోమని కొట్టేటప్పుడు మాత్రం ఆయన వయసు ముప్ఫై ఏళ్లు తగ్గుతుంది. మొదటి దెబ్బ తప్పుతుంది, కోపం వస్తుంది, రెండోది వెంటనే పడుతుంది. సరిగ్గా మేం రాసిన లెక్క ప్రకారం. లైటు ఆరిపోతుంది, దోమ బతికిపోతుంది.

"ఇది నాకోసం చేశావా, దోమలకోసం చేశావా?" అని బాబాయ్‌ని నిలదీశాడు.

బాబాయ్ వెనక్కి తగ్గే మనిషి కాదు. మ్యాక్స్ 9814 అని ఇంకో బోర్డు తెప్పించాడు. దానికి గెయిన్ తనంతట తనే సర్దుకుంటుంది. గట్టి శబ్దాన్ని తగ్గిస్తుంది, మెల్లటిదాన్ని పెంచుతుంది, గరిష్ఠంగా 60 డెసిబెల్స్, అంటే వెయ్యి రెట్ల దాకా. మాటలు రికార్డు చేయడానికి అది బాగా పనికొస్తుంది, మనిషి దూరం జరిగినా గొంతు ఒకేలా వినిపిస్తుంది. కానీ గట్టి శబ్దమేదో మెల్లటిదేదో తేల్చాల్సిన చోట ఆ తేడానే చెరిపేసే బోర్డు పెట్టడమేమిటని అడిగితే, "ఇది లేటెస్ట్‌రా" అన్నాడు.

అర్ధరాత్రి ఇల్లు సద్దుమణిగింది. వినడానికేమీ లేక బోర్డు గెయిన్ పెంచుకుంటూ పోయి చెవులు రిక్కించింది. అప్పుడు తాతయ్య గురక అందుకున్నాడు. ఆయన గురక ఏకధారగా సాగదు, ప్రతిసారీ మొదట్లో రెండు చోట్ల తెగుతుంది. గుర్, గుర్. రెండు చప్పట్లు. లైటు వెలిగింది. వెలుగుకి మెలకువ వచ్చింది. ఆర్పడానికి చప్పట్లు కొట్టాడు, తన పద్ధతిలో, తీరిగ్గా. ఆరలేదు. తెల్లారి బాబాయ్ చూస్తే గోడ మీది స్విచ్ ఆపేసి ఉంది. ఎవరు ఆపారని ఇల్లంతా విచారించాడు. ఎవరికీ తెలియదట. తాతయ్య పేపరు మరింత దగ్గరగా పెట్టుకుని చదివాడు.

లైటు పథకం అక్కడితో ఆగింది కానీ, పాత 4466 ఊరికే ఉంటే బాబాయ్‌కి మనసుండదు. దానికి ఎనిమిది ఎల్ఈడీల రంగుల పట్టీ ఒకటి తగిలించి హాల్లో పెట్టాడు. మెల్లగా మాట్లాడితే రెండు పచ్చవి, కాస్త పెంచితే పసుపు, అరిస్తే చివరిదాకా ఎరుపు.

"ఈ ఇంట్లో గోల ఎవరిదో ఇవాళ్టితో తేలిపోతుంది," అని పిన్ని వైపు చూస్తూ ప్రకటించాడు. పట్టీ మొత్తం ఎర్రబడింది.

"కాఫీ తాగుతారా?" అంది పిన్ని. రెండు పచ్చవి వెలిగాయి.

తాతయ్య దగ్గాడు. పసుపు దాకా వెళ్లి దిగింది. అంతలో ఎవరో ఫోన్ చేశారు. బాబాయ్ ఫోన్లో మాట్లాడినంతసేపూ ఎనిమిదో ఎల్ఈడీ ఆరలేదు. ఫోన్ పెట్టేసి పట్టీ వైపు చూశాడు. మా అందరి వైపూ చూశాడు. ఎవరం కదల్లేదు, ఎల్ఈడీ ఒక్కటి కూడా వెలగలేదు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి గెయిన్ చివరిదాకా తగ్గించాడు. "ఇప్పుడు చూడండి," అన్నాడు. ఎరుపు.

"ఐసీ పోయినట్టుందిరా. కొత్తది ఆర్డర్ పెట్టాలి!"

దానిక్కూడా ఎరుపే.