కేన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయిందిగా, ఇంకేంటి అని అడిగేవాళ్ళకి

నిన్న ఒక పెళ్ళికి వెళ్ళొచ్చాను, రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే ఫోన్ పట్టుకుని ఇది రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

భోజనాల దగ్గర మా వైపు బంధువు ఒకావిడ నా ఆకు చూసి "అదేంటమ్మా పప్పన్నం దగ్గరే ఆగిపోయావు, ట్రీట్‌మెంట్ అయిపోయి మూడేళ్ళు దాటిందిగా, ఇంకా ఏంటి, అవన్నీ మనసులోంచి తీసేయాలి" అంది. ప్రేమగానే అంది, ఆవిడ మీద నాకేం కోపం లేదు. కానీ అప్పటికే పంక్తి మొత్తం లేచి చేతులు కడుక్కుంటున్నారు, వడ్డించే కుర్రాడు ఆకులు మడవడానికి నా వెనకాలే నిలబడ్డాడు, నేనింకా నాలుగో ముద్ద మజ్జిగతో కలిపి మింగుతున్నా. మనసులోంచి తీసేస్తే నోట్లోకి లాలాజలం వస్తుందా పిన్నీ అని అడగాలనిపించింది. అడిగేలోపు పొలమారింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. నేను ప్రైవేట్ హైస్కూల్లో పదహారేళ్ళు తెలుగు చెప్పాను. 2021లో నాలుక కుడి పక్కన చిన్న పుండు లేచింది. నోటి పూత అనుకుని బీ కాంప్లెక్స్ మింగాను, మెడికల్ షాపులో ఇచ్చిన జెల్ రాశాను, అట్లా రెండున్నర నెలలు పోయాయి (నోట్లో పుండు మూడు వారాల్లో మానకపోతే వెంటనే చూపించుకోండి, ఈ పోస్టులో ఇంకేం గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి). బయాప్సీలో కేన్సర్ అని వచ్చింది. ఆగస్టులో ఆపరేషన్. నాలుక దాదాపు సగం తీసేసి, ఎడమ ముంజేతి చర్మాన్ని రక్తనాళంతో సహా తీసి అక్కడ కుట్టారు, మెడలో కుడివైపు గ్రంథులన్నీ తీశారు. ఆ తర్వాత వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, ముప్ఫై సార్లు కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. ఆరోగ్యశ్రీ కార్డు లేకపోతే ఇల్లు అమ్ముకునేవాళ్ళం, ఆ మాట ఎప్పుడైనా ఎక్కడైనా చెప్తా.

ముప్ఫయ్యో రోజు అయిపోయాక ఇంటికొస్తే ఇరవై మంది ఉన్నారు. స్వీట్లు పంచారు. "గెలిచావు" అన్నారు, "నువ్వు ఫైటర్" అన్నారు. అప్పుడు నా ముక్కులో పైపు ఉంది, బరువు 41 కేజీలు, నోరంతా పచ్చిపుండు, మంచినీళ్ళు గొంతు దిగట్లేదు. వారం తిరక్కుండానే అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయారు. ఆపరేషన్ అప్పుడు హాస్పిటల్ బయట చెట్టుకింద పడుకున్న మా తమ్ముడు కూడా "ఇంక భయం లేదు కదక్కా" అని ఊరెళ్ళిపోయాడు. వాడి తప్పు కాదు, అయిపోయిందనే అందరం అనుకున్నాం, నేను కూడా.

మన ఇళ్ళల్లో బాలింతని ఎట్లా చూస్తారు? పచ్చి ఒళ్ళు అంటారు. మూడు నెలలు చన్నీళ్ళు ముట్టుకోనివ్వరు, చెవుల్లో దూది, పథ్యం, కాయం ముద్ద, పుట్టింట్లో మంచం. టైఫాయిడ్ వచ్చి తగ్గినా తిరగబెడుతుందేమో అని నెల రోజులు జాగ్రత్త చెప్తారు. జబ్బు వేరు, జబ్బు తగ్గాక ఒళ్ళు కోలుకోవడం వేరు అని మన ముసలమ్మలకి ఎవరూ చదువు చెప్పకుండానే తెలుసు. మరి కేన్సర్ తగ్గినవాళ్ళది పచ్చి ఒళ్ళు అని ఎందుకు అనుకోం? అది మూడు నెలలు కాదు, మూడేళ్ళో ముప్ఫయ్యేళ్ళో ఉంటుంది. నేను ఇంత రాసేది ఈ ఒక్క ముక్క కోసమే.

తిండి సంగతి చెప్తాను. రేడియేషన్‌కి లాలాజలం ఊరే గ్రంథులు దెబ్బతింటాయి, కొందరికి కొంత తిరిగొస్తుంది, నాకు చాలా కొంచెం వచ్చింది. అన్నం నోట్లో పిండిలాగా ఉండలు కడుతుంది, నాలుక ఆ ముద్దని ఇటు నుంచి అటు తిప్పలేదు, కాబట్టి ప్రతి ముద్దకీ ఒక గుక్క నీళ్ళో మజ్జిగో. భోజనానికి నలభై నిమిషాలు. కారం సంగతి అడక్కండి, పుదీనా టూత్‌పేస్టు కూడా మండుతుంది, పిల్లల పేస్టు వాడతాను. గోదావరి జిల్లాలో పుట్టి ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి మూత పెట్టేయడం ఎట్లా ఉంటుందో మీకు చెప్పలేను. కూరలో ఉప్పు చూడటానికి ఇప్పుడు మా అమ్మాయిని పిలుస్తాను. మొదట్లో పిలవడానికి మొహం చెల్లక ఉప్పు చెంచాతో కొలిచి వేసేదాన్ని, ఇప్పుడు అదే వచ్చి గరిట నాకి "సరిపోయిందమ్మా" అని వెళ్ళిపోతుంది.

ఇక మాట. తెలుగు చెప్పేదానికి నాలుక సగం పోవడం అంటే ఏంటో తెలుగువాళ్ళకే అర్థమవుతుంది. ట ఠ డ ఢ ణ, ఇవన్నీ నాలుక కొన పైకి మడిచి పలికేవి, మూర్ధన్యాలు అని నేనే పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ కొన మడతపడదు. ర సగం యలాగా వస్తుంది, ళకీ లకీ తేడా పోయింది. రోజంతా నాకు కావాల్సింది నీళ్ళు, ఆ మాటే సరిగ్గా రాదు, "నీల్లు" అంటాను. గ్యాస్ బుకింగ్‌కి ఫోన్ చేస్తే అవతలి మనిషి "తాగి మాట్లాడుతున్నారా" అన్నాడు. పొద్దున పదకొండు గంటలకి. నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో కూర్చుని ఏడ్చాను, ఆ తర్వాత ఎనిమిది నెలలు ఫోన్ ఎత్తలేదు, అన్నీ మా ఆయనే మాట్లాడేవారు.

స్కూల్ వాళ్ళు నన్ను తీసేయలేదు, "మీకు రెస్ట్ కావాలి మేడం" అన్నారు. మూడుసార్లు అదే మాట అన్నాక నాకే అర్థమైంది. మెడలో గ్రంథులు తీసేటప్పుడు భుజానికి వెళ్ళే నరం కూడా దెబ్బతింది, కుడి చెయ్యి తల మీదకి లేవదు, బోర్డు మీద పై లైను రాయలేను, ఆ మాటా నిజమే. కానీ క్లాసులో కూర్చోబెట్టి పేపర్లు దిద్దించొచ్చు, లైబ్రరీ చూసుకోమనొచ్చు. పదహారేళ్ళు చేసిన మనిషిని ఏం చేయగలవు అని ఒక్కసారి అడగలేదు.

ఇంతకంటే నాకు ఎక్కువ కోపం వచ్చే సంగతి ఇంకొకటి ఉంది, ముందు ముందు ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు లేకపోవడం. ట్రీట్‌మెంట్ అయిన ఏడాదికి విపరీతమైన నీరసం, చలి, జుట్టు ఊడటం, దేని మీదా ఆసక్తి లేదు. అందరూ డిప్రెషన్ అన్నారు, గుడికి వెళ్ళమన్నారు. చివరికి మా ఊరి చిన్న డాక్టరుగారు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయిస్తే తెలిసింది, మెడకి రేడియేషన్ ఇచ్చినవాళ్ళలో థైరాయిడ్ మందగించడం మామూలేనట, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఆ టెస్టు చేయించుకోవాలట. రెండు వందలో మూడు వందలో అయ్యే టెస్టు! దానికోసం నేను ఏడాది మంచం మీద ఉన్నాను. ఇంకోసారి పన్ను నొప్పి అని వెళ్తే పీకేద్దాం అన్నారు, కుర్చీలో కూర్చున్నాక మాటల్లో రేడియేషన్ సంగతి చెప్పాను కాబట్టి ఆ పళ్ళ డాక్టరమ్మాయి ఆగింది, రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకితే ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉందట. కేన్సర్ డాక్టరుని అడక్కుండా ఎవరిచేతా పళ్ళు పీకించుకోకండి. నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు ఒక్కొక్కటి పెంచుకుంటూ పళ్ళ మధ్య పెట్టి సాగదీసే వ్యాయామం ఉంది, అది నాకు చెప్పింది కూడా ఓపీ లైన్లో నా పక్కన కూర్చున్న పేషెంటే. డాక్టర్లని అనట్లేదు, ఒక్కో ఓపీలో ఎంత మంది ఉంటారో కళ్ళారా చూశాను. కానీ ఫైల్లో ఒక తెలుగు కాగితం, ఈ టెస్టు ఎప్పుడు, ఈ జాగ్రత్త ఎందుకు అని పది లైన్లు రాసి పెట్టడానికి ఎంత అవుతుంది?

మన దేశంలో మగవాళ్ళకి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కేన్సర్ నోటిదే. అంటే నాలాగా మాట పోయినవాళ్ళు, మింగలేనివాళ్ళు ప్రతి మండలంలోనూ ఉంటారు. స్పీచ్ థెరపీ కోసం వెతికితే మా ఊళ్ళో దొరికింది మాటలు రాని చిన్నపిల్లలకి చెప్పేచోటు ఒక్కటే. అక్కడ చెప్పే అమ్మాయి పాపం పుస్తకాలు తిరగేసి నాకోసం నేర్చుకుని మరీ ఏడు నెలలు చెప్పింది, నేను ఈ మాత్రం మాట్లాడుతున్నానంటే ఆ అమ్మాయి వల్లే. ఆపరేషన్‌కి లక్షలు ఇచ్చే పథకం మాట తిరిగి నేర్పడానికి వేలు ఇవ్వదా?

రేడియేషన్ హాల్లో నాకు ఒక శ్రీకాకుళం పెద్దావిడ పరిచయం అయింది. అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం, సముద్రం పక్క ఊళ్ళల్లో ఆడవాళ్ళకి అదొక పాత అలవాటు, అంగిట్లో కేన్సర్ వచ్చింది. అందరూ ఆవిడతో "చుట్ట తాగావుగా మరి" అనేవాళ్ళు. నాతో "నీకేం అలవాట్లు ఉండేవి" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. నాకే అలవాటూ లేదు, ఒక విరిగిన పన్ను ఏళ్ళ తరబడి నాలుకకి గీసుకునేది, అదే కారణమో కాదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పొగాకు మానమని చెప్పండి, వెయ్యిసార్లు చెప్పండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చెప్పండి. కరెంటు మంచం ఎక్కబోయే మనిషికి చెప్పి ఏం లాభం. ఆవిడ ఆరు నెలలకి పోయింది, వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. నన్ను ఫైటర్ అన్నప్పుడల్లా ఆవిడే గుర్తొస్తుంది, ముప్ఫై రోజుల్లో ఒక్కరోజు కూడా అబ్బా అనలేదు.

ఇన్సూరెన్స్ గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ పెరుగుతుంది. పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకి డబ్బులివ్వని కాలం, 2024లో గరిష్ఠంగా నాలుగేళ్ళ నుంచి మూడేళ్ళకి తగ్గించారు, మంచిదే, కానీ అసలు పాలసీ ఇస్తే కదా, మేం రెండుచోట్ల అడిగితే రెండుచోట్లా కుదరదన్నారు. ఫ్రాన్స్‌లో ట్రీట్‌మెంట్ అయ్యి ఐదేళ్ళు తిరగబెట్టకుండా ఉంటే ఇంటి లోన్ ఇన్సూరెన్స్‌కి ఆ కేన్సర్ సంగతి చెప్పక్కర్లేదని 2022లో చట్టం మార్చారు. మన దగ్గర అట్లాంటి మాట ఎవరైనా ఎత్తితే బావుండు. ఇంకొకటి, చెకప్‌కి వెళ్ళడానికి కూడా రైల్లో కన్సెషన్ ఉంది, స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పేషెంట్‌కి టికెట్ పూర్తిగా ఫ్రీ, తోడు వచ్చేవాళ్ళకి 75 శాతం తగ్గింపు, హాస్పిటల్లో ఫారం మీద సంతకం, సీలు వేయించుకోవాలి. మాకు ఏడాదిన్నర దాకా తెలియలేదు.

మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది, అందరికీ చెప్పుకోకే, అమ్మాయికి సంబంధాలు చూడాలి అని. అక్కినేని నాగేశ్వరరావుగారు 2013లో ప్రెస్ మీట్ పెట్టి నాకు కేన్సర్ అని ఆయనే చెప్పారు పెద్దమ్మా, అంత పెద్దాయనకి లేని సిగ్గు మనకెందుకు అన్నాను. మా అమ్మాయి కూడా, ఇది దాచిపెట్టి చేసుకునే సంబంధం నాకొద్దు అంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు, ఆవిడ భయం ఆవిడది.

నా భయం వేరు. ఈ కేన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే అంటారు, నాకు అది దాటింది, అయినా చెకప్ తారీకు దగ్గరపడితే అద్దం ముందు నోరు తెరిచి సెల్‌ఫోన్ లైటు వేసి చూసుకుంటూనే ఉంటాను. ఎంతసేపు చూస్తానో మా ఆయనకి తెలుసు, ఏం అనరు, వచ్చి బాత్రూం లైటు తీసేస్తారు.

ఇప్పుడు ఇంట్లో తొమ్మిది మంది పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్తున్నా. పద్యం వాళ్ళే చదువుతారు, నేను వింటాను. నాకు ణ రాదు, కానీ వాళ్ళు ణని న అంటే చెవి ఊరుకోదు, బల్ల మీద వేలితో కొడతాను, మళ్ళీ చదువుతారు.

నోటి కేన్సర్ ట్రీట్‌మెంట్ అయినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో నంబర్ పెట్టండి, నేనే ఫోన్ చేస్తాను. మెసేజ్ కాదు, ఫోనే. మొదటి రెండు నిమిషాలు నా మాట సరిగ్గా అర్థం కాదు, పెట్టేయకండి, ఆ తర్వాత మీ చెవికి అలవాటైపోతుంది. సాయంత్రం ఆరు దాటాక చేస్తాను, అప్పటిదాకా పిల్లలు ఉంటారు.