బొమ్మ పెట్టేసి చేతులు దులుపుకుంటే ఎలా?

గ్యాలరీకి వెళ్లాలా వద్దా అన్నది మనిష్టం, కానీ రోజూ నడిచే దారిలో పెట్టిన శిల్పాన్ని చూడకుండా ఉండటం ఎవరి వల్లా కాదు, నచ్చినా నచ్చకపోయినా దాని పక్కనుంచే పోవాలి రావాలి. అందుకే పబ్లిక్ ప్లేస్‌లో ఆర్ట్ పెట్టేవాళ్లకి గ్యాలరీ వాళ్లకంటే బాధ్యత ఎక్కువ అని మేం గట్టిగా నమ్ముతున్నాం. జరుగుతున్నదేమో వేరు. ఖాళీ గోడ కనిపిస్తే రంగులేసేయడం, సర్కిల్ ఖాళీగా ఉంటే ఏదో ఒక బొమ్మ తెచ్చి నిలబెట్టడం, రిబ్బన్ కటింగ్, ఫొటోలు, ఇక అటువైపు చూసే నాథుడుండడు.

అక్కడి జనాన్ని అడక్కుండా పెడితే ఏమవుతుందో న్యూయార్క్‌లో ప్రభుత్వ ఆఫీసుల ముందుండే ఫెడరల్ ప్లాజాలో చూశాం. 1981లో శిల్పి రిచర్డ్ సెర్రా అక్కడ టిల్టెడ్ ఆర్క్ అని 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న స్టీల్ గోడ నిలబెట్టాడు, అదేమో సరిగ్గా ప్లాజాకి అడ్డంగా ఉండేది, ఆఫీసుకెళ్లేవాళ్లు రోజూ చుట్టూ తిరిగి వెళ్లాల్సొచ్చేది. గొడవ ముదిరి 1985లో విచారణ పెడితే 180 మంది మాట్లాడారు, అందులో 122 మంది ఉంచాలనే అన్నారు, అయినా 1989లో రాత్రికి రాత్రి కోసి తీసేశారు. ఆ చోటు కోసమే చేశాను, ఇంకోచోట పెడితే అది నా పనే కాదు అన్న సెర్రాదీ న్యాయమే, చుట్టూ తిరగలేక విసిగిపోయినవాళ్లదీ న్యాయమే. ఆ మాటలన్నీ పెట్టకముందే జరిగుండాల్సింది, అసలు క్యూరేటర్, అంటే ఎక్కడ ఏ కళాఖండం పెట్టాలో చూసే మనిషి, ఉండేదే అందుకు.

తీసేయడానికైనా ఓ పద్ధతుండాలి కదా. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ని (గోడ శిల్పాన్ని) 1979లో ఊడబీకి స్టోర్ రూమ్‌లో పడేశారు, ఆయనకి ఒక్క మాట చెప్పలేదు. ఆయన కోర్టుకెళ్తే 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలు ఆయనకే ఇచ్చేయమంది, 5 లక్షల పరిహారం కట్టమంది. డబ్బిచ్చి కొన్నంత మాత్రాన ఇష్టమొచ్చినట్టు పాడుచేసే హక్కు రాదని కాపీరైట్ చట్టం సెక్షన్ 57 ఆధారంగా తేల్చిన తీర్పది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ప్రతి ఆఫీసరూ చదవాల్సిందే.

ఇక మెయింటెనెన్స్. గోడకి వేసిన బొమ్మని ఓసారి దగ్గరికెళ్లి చూడండి. కింద అడుగున్నర మేర చెమ్మ ఎక్కి ఉప్పు పేలి పెంకులు పెంకులుగా రాలుతుంటుంది, ఎండ పడే వైపు ఎరుపులూ పసుపులూ పాలిపోయుంటాయి, ముఖం మీదుగా ఎవరో కేబుల్ లాగి క్లిప్పులు కొట్టేసుంటారు. ఇదంతా ఆర్టిస్ట్ తప్పు కాదు, గోడ ఆరిందో లేదో చూడకుండా, రంగుకి ముందు పూసే ప్రైమర్‌కి డబ్బివ్వకుండా, ప్రారంభోత్సవం డేట్ ముందే ఫిక్స్ చేసి తొందరపెట్టినవాళ్లది. కంచు విగ్రహమైనా అంతే, అప్పుడప్పుడూ కడిగి మైనం పట్టించకపోతే గాలికీ వానకీ మచ్చలు దేలిపోతుంది.

ప్రతిదీ శాశ్వతంగా ఉండాలన్న పట్టుదల కూడా వదిలేస్తే మంచిది. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 1841 నుంచీ విగ్రహం కోసం కట్టిన ఒక దిమ్మ ఖాళీగా ఉండిపోయింది, 1999 నుంచి దాని మీద కొన్నాళ్లకొకటి చొప్పున కొత్త పనులు పెడుతున్నారు. 2009లో శిల్పి ఆంటొనీ గోర్మ్లీ అయితే 100 రోజులపాటు గంటకొకరు చొప్పున 2,400 మంది మామూలు మనుషుల్నే ఎక్కించాడు! నచ్చనివాళ్లు కూడా కొన్నాళ్లేగా అని ఓపిక పడతారు, ఆర్టిస్టులకీ ధైర్యంగా చేసే చాన్స్ దొరుకుతుంది.

కాబట్టి మేం అడిగేది ఇదీ: ఎన్నేళ్లుంచుతారు, ఏటా బాగుచేసే డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుంది, తీయాల్సొస్తే ఆర్టిస్ట్‌కి ఎన్ని నెలల ముందు చెప్తారు, ఇవన్నీ మొదటి కాగితంలోనే రాయండి. ఆ చోట పొద్దున్నా సాయంత్రం తిరిగేవాళ్లతో క్యూరేటర్ కూర్చుని మాట్లాడాకే డిజైన్లు పిలవండి.