చీరల మధ్య స్విచ్ బోర్డు

మొన్నటిదాకా మా బెడ్రూమ్‌లో ఫ్యాన్ వేయాలంటే ముందు వార్డ్‌రోబ్ తలుపు తీయాలి, మా ఆవిడ పట్టుచీరల్ని ఎడం చేత్తో పక్కకి జరపాలి, గద్వాల చీరకీ పోచంపల్లి చీరకీ మధ్యలోంచి కుడిచెయ్యి మోచేతి దాకా దూర్చి, చీకట్లో తడుముకుంటూ మూడో స్విచ్ నొక్కాలి. రెండోది నొక్కితే గీజర్ ఆన్ అయ్యేది. ఎన్ని రాత్రులు ఫ్యాన్ అనుకుని గీజర్ వేసి, ఇంత ఉక్కపోతేంటిరా బాబూ అని పడుకున్నానో కరెంటు బిల్లుకే తెలుసు.

నిజాంపేటలో టూ బీహెచ్‌కే తీసుకున్నాం. తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి కనబడ్డ ప్రతివాడూ "వుడ్ వర్క్ ఎవరికిచ్చారు?" అని అడగడమే. ఆఫీసులో ఒకాయన చెప్తే ఒక డిజైనర్ అమ్మాయి వచ్చింది, మాసాబ్ ట్యాంక్ దగ్గర జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో, అదే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చదువుకుందట. గంటసేపు కొలతలు తీసుకుంది, ఆ గంటా ప్రశ్నలే. వంట ఎవరు చేస్తారు, ఇంట్లో ఎడమచేతి వాటం వాళ్ళున్నారా, ఇస్త్రీ ఎక్కడ చేస్తారు, ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తే ఏ రూమ్‌లో పడుకుంటారు. వుడ్ వర్క్ చేయించుకుందామంటే జనాభా లెక్కలాయన వచ్చినట్టుందేంటి అనుకున్నా. డ్రాయింగులకీ, పని జరుగుతున్నప్పుడు వచ్చి చూసినందుకూ కలిపి 70 వేలు అంది. గీతలు గీయడానికి 70 వేలా! టీ ఇచ్చి, మళ్ళీ ఫోన్ చేస్తామమ్మా అని చెప్పి పంపించేసాం.

అప్పుడే మా బామ్మర్ది ఎంటరయ్యాడు. "బావా, దీనికి డిజైనర్ ఎందుకు బావా, నా ఫోన్లో 400 ఫొటోలున్నాయ్" అన్నాడు. మావాడు చదివింది బీకాం. కానీ ఆ వారమే వాట్సాప్ స్టేటస్‌లో ఇంటీరియర్ డిజైనర్ అని పెట్టేసుకున్నాడు. ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలంటే 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయి ఉండాలి, ఇంటీరియర్ డిజైనర్ అనడానికి ఆ చట్టంతో పన్లేదు, ఎవడైనా రాసుకోవచ్చు. మావాడు వినాయకచవితికి రాసుకుని దసరాకి తీసేసాడు.

కార్పెంటర్ రాజస్థాన్ నుంచి వచ్చినాయన, ఆరడుగుల పైనే ఉంటాడు. పని మంచిదే, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఏదడిగినా "హో జాయేగా సాబ్" అంటాడు. వాళ్ళిద్దరూ కలిసి హాల్ గోడ మీద పెన్సిల్‌తో మొత్తం ఇల్లు గీసేసారు. నాలుగు రోజుల తర్వాత పెయింటర్ వచ్చి దాని మీద పుట్టీ పెట్టేసాడు. మా ఇంటికి ఉన్న ఒకే ఒక్క ప్లాన్ అలా పోయింది.

సామాన్లకి బాలానగర్ వెళ్ళాం. షాపాయన పాపం చెప్పనే చెప్పాడు, సింకు కిందకి 710 వెయ్యండి సార్, మెరైన్ ప్లై, అది 72 గంటలు మరిగే నీళ్ళల్లో పెట్టి టెస్ట్ చేసే రకం, ఎమ్మార్ ప్లై వద్దు అని. రేటు తేడా విని మావాడు నా చెవిలో "ఎమ్మార్ అంటేనే మాయిశ్చర్ రెసిస్టెంట్ బావా, పేర్లోనే ఉంది, మనమేమన్నా ఇంట్లో ప్లై ఉడకబెడతామా" అన్నాడు. నాకూ కరెక్టే అనిపించింది. ఎమ్మార్ గాల్లో తేమని తట్టుకుంటుంది గానీ సింకు పైపు లీకైతే తట్టుకోదని ఆర్నెల్లకి తెలిసింది, సింకు కింద పలక పూరీలా పొంగి, తలుపు మూస్తే పడేది కాదు, పడితే వచ్చేది కాదు.

కిచెన్ సంగతి చెప్తే మా ఆవిడకి ఇప్పటికీ బీపీ. మాడ్యులర్ అని చెప్పి బిల్డర్ వేసిన ప్లాట్‌ఫామ్ పగలగొట్టించి కొత్తది కట్టించాం. ఎంత ఎత్తు అని కార్పెంటర్ అడిగితే "నీకు కరెక్ట్‌గా ఎంతుంటే అంత" అన్నాడంట మా డిజైనరు. ఆరడుగుల మనిషి తన నడుం చూసుకుని కొలత పెట్టాడు. మా ఆవిడ నాలుగు అడుగుల పదకొండు అంగుళాలు. మా అత్తగారు ఇంకా తక్కువ. గృహప్రవేశం మర్నాడు ఆవిడ పూజ పీట తెచ్చి నేల మీద వేసి దాని మీద నిలబడి దోసెలు పోస్తూ "కిచెన్ చాలా బాగుంది అల్లుడుగారూ, ఎవరో పెద్దింటోళ్ళ వంటగదిలో ఉన్నట్టుంది" అన్నారు. పొగడ్తో తిట్టో ఇప్పటిదాకా తేల్చుకోలేకపోతున్నా.

ఇంక ఫ్రిజ్. దానికోసం మూలన అచ్చంగా సరిపోయేలా గూడు చేయించాం, అరంగుళం కూడా వేస్టు లేకుండా! తలుపు సగం తెరుచుకుని గోడకి కొట్టుకుంటుంది, సగం తలుపులోంచి కింద కూరగాయల ట్రే బయటికి రాదు. టమాటాలు ఒక్కొక్కటి పక్కసందులోంచి తీసుకోవాలి. సొరకాయ అయితే ముందే ముక్కలు కోసి పెట్టాలి.

స్విచ్ బోర్డు ముచ్చట ఆఖరి రోజు బయటపడింది. బెడ్రూమ్‌లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, రెండడుగుల లోతుతో, పైన లాఫ్ట్‌తో వార్డ్‌రోబ్, చూడ్డానికి నిజంగా అదిరిపోయింది, ముగ్గురం ఎదురుగా నిలబడి ఫొటోలు దిగాం. పొద్దుగూకింది. లైటెయ్యరా అన్నా. మావాడు తలుపు పక్కన గోడ తడిమాడు. లేదు. ఇవతల గోడ చూసాడు. లేదు. కర్టెన్ వెనక కూడా చూసాడు, అక్కడెందుకుంటుందో వాడికే తెలియాలి. నేను ఫోన్ టార్చ్ వేసి నాలుగు గోడలూ వెతికా. చివరికి కార్పెంటర్ నింపాదిగా వార్డ్‌రోబ్ తలుపు తీసి, "సాబ్, అందర్ హై" అన్నాడు. వెనక పలకకి స్విచ్ బోర్డు సైజులో నీట్‌గా కంత కోసి, అంచులకి బీడింగ్ కూడా కొట్టాడు మహానుభావుడు. ముందే చెప్పొచ్చుగా అంటే, మీవాడిని అడిగితే హో జాయేగా అన్నాడు సాబ్ అన్నాడు.

ఆర్నెల్లు చీరల్లో చెయ్యి పెట్టి బతికాక, పలక పొంగాక, సిగ్గు విడిచి ఆ డిజైనర్ అమ్మాయికే ఫోన్ చేసా. నవ్వుద్దేమో అనుకున్నా, నవ్వలేదు, అదే ఇంకా ఇబ్బంది పెట్టింది. వచ్చీ రాగానే "మేడమ్, మీ హైట్ ఎంత?" అని మా ఆవిడని అడిగింది. పదకొండేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న మీ బావ అడగలేదురా అన్నట్టు మా ఆవిడ తమ్ముడి వైపు చూసింది. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

వారానికి డ్రాయింగులు వచ్చాయ్. ఒక షీట్ నిండా స్విచ్‌లూ ప్లగ్గులే, ఒక్కోటి నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉండాలో రాసి మరీ. ఇంకో షీట్లో ప్రతి తలుపు దగ్గరా పావు చక్రంలా ఒక గీత. ఇదేంటమ్మా అంటే, తలుపు తెరిస్తే తిరిగే దారి సార్, ఈ గీత లోపల ఇంకేమీ ఉండకూడదు అంది. ఫ్రిజ్ దగ్గర ఆ గీత తిన్నగా గోడలోకి వెళ్ళిపోయింది. కాగితం మీద రెండు సెకన్లలో కనబడింది. నేను ఆర్నెల్లు ఆ సందులోంచి టమాటాలు తీసా.

గూడు పక్కకి జరిపారు, ప్లాట్‌ఫామ్ తగ్గించారు, సింకు కింద 710 వేసారు, గోడ కొట్టి స్విచ్ బోర్డు మంచం పక్కకి తెచ్చారు. ఆమె ఫీజుతో కలిపి 1,90,000 అయింది. కార్పెంటర్ మాత్రం ఆయనే. చేతిలో డ్రాయింగ్ పెడితే ఆ మనిషి పనే వేరేగా ఉంది, ఒక్కసారి కూడా హో జాయేగా అనలేదు, "కిత్నా ఎంఎం?" అన్నాడు.

పోయిన ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో మా వదినావాళ్ళింట్లో పడుకోవాల్సొచ్చింది. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చింది, ఫ్యాన్ తిరగట్లేదు. నిద్రమత్తులో లేచి, అలవాటుగా వాళ్ళ బీరువా తలుపు తీసి, చీరలు పక్కకి జరిపి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి తడుముతున్నా. లైటు వెలిగింది. గుమ్మంలో మా వదిన, చేతిలో మంచినీళ్ళ చెంబు.

"ఏం కావాలి మరిదిగారూ?"

"ఫ్యాన్, వదినా."